రాయ్ కృష్ణ అంత మంచి స్ట్రైకర్ అయితే 32 ఏళ్లకు ఇండియాకి ఎందుకు వచ్చాడు?

మీరు రెండు విషయాలు అడిగారు. ఫిజీ స్ట్రైకర్ రాయ్ కృష్ణ నిజంగా గొప్పవాడైతే యూరప్‌లో ఎందుకు ఆడలేదన్నది ఒకటి. ఎక్కడా గిరాకీ లేకనే కదా 32 ఏళ్ల వయసులో మన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)కి వచ్చాడన్నది రెండోది. రెండోదానికి ముందు చెబుతాను: కాదు. ఇండియాకి వచ్చే ముందు ఆడిన సీజన్‌లోనే అతను ఆస్ట్రేలియా లీగ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడు. అతని క్లబ్బు వెల్లింగ్టన్ ఫీనిక్స్ న్యూజిలాండ్‌దే అయినా ఆడేది ఆస్ట్రేలియా లీగ్‌లో. ఆ సీజన్‌ని నేను వెల్లింగ్టన్‌లో ఉండి, స్టేడియంలో కూర్చుని చూశాను.

ఉద్యోగం వల్ల 2016 మొదట్నుంచి 2019 మధ్య దాకా అక్కడ ఉన్నాను. మా ఆఫీసులో లంబాసా ఊరి నుంచి వచ్చిన ఫిజీ భారతీయుడు ఒకాయన ఉండేవారు, నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. రాయ్ కృష్ణది కూడా లంబాసానే. నన్ను మొదటిసారి మ్యాచ్‌కి తీసుకెళ్లింది ఆయనే. వాళ్ల అమ్మమ్మ వాళ్లది విశాఖ వైపట. ‘రా’, ‘కూర్చో’, ‘నీళ్లు’ ఈ మూడు మాటలే ఆయనకు మిగిలిన తెలుగు. చెరకు తోటల్లో పనికోసం 1879 నుంచి 1916 దాకా అరవై వేల మందికి పైగా భారతీయులను గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద ఫిజీకి తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో మనవాళ్లు చాలామంది. అందుకే అక్కడ నాయుడులు, రెడ్డిలు ఇప్పటికీ కనిపిస్తారు. (రాయ్ కృష్ణ తెలుగువాడని నేను అనడం లేదు. ఆ మాట ఇంటర్నెట్‌లో పుట్టించకండి.)

ఇక యూరప్ సంగతి. ఫిజీ జనాభా సుమారు 9 లక్షలు. లంబాసా ఉన్నది రాజధాని సువా ఉన్న దీవిలో కూడా కాదు, వనువా లేవు అనే రెండో దీవిలో. ఓడలోనో చిన్న విమానంలోనో సువా చేరాలి, అక్కడినుంచి ఇంకో దేశం. ఫిజీలో పెద్ద ఆట రగ్బీ. ఫుట్‌బాల్ ఎక్కువగా మన గిర్మిటియాల వారసులు నిలబెట్టుకొచ్చిన ఆట. అక్కడి ఫుట్‌బాల్ సంఘం 1938లో మొదలైనప్పుడు దాని పేరులోనే ‘ఇండియన్’ అని ఉండేది. పైగా ఫిజీ ఉన్న ఓషియానియా ప్రాంతానికి ప్రపంచకప్‌లో నేరుగా ఒక్క సీటు కూడా 2026 దాకా లేదు. ఆ ప్రాంతంలో పెద్ద జట్టైన ఆస్ట్రేలియా 2006లోనే ఆసియాకి మారిపోయింది. ఇక యూరప్ క్లబ్బు మనిషి ఏ మ్యాచ్ చూడటానికి అక్కడికి వస్తాడు?

2008 నవంబరులో సొంత గడ్డ మీద, లౌటోకాలో ఫిజీ 2-0తో న్యూజిలాండ్‌ని ఓడించింది. రెండు గోల్సూ రాయ్ కృష్ణవే, అప్పటికి అతనికి 21 ఏళ్లు. అదే పని ఏ క్రొయేషియా కుర్రాడో చేసి ఉంటే మరుసటి వారం ఫోన్లు మోగేవి. ఇతను మాత్రం ఆక్లాండ్ వైపు వైటాకరె యునైటెడ్‌లో ఐదేళ్లు ఆడాడు. అది సెమీ ప్రొఫెషనల్ లీగ్. అందులో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవాళ్లు. తర్వాత ఆక్లాండ్ సిటీ. 2013 డిసెంబరులో మొరాకోలో జరిగిన క్లబ్ వరల్డ్ కప్‌లో రాజా కాసాబ్లాంకా మీద గోల్ కొట్టాడు. మ్యాచ్ ఓడిపోయారు కానీ ఆ మరుసటి నెలలోనే వెల్లింగ్టన్ ఫీనిక్స్ తీసుకుంది, అదీ మొదట ఆ సీజన్ చివరి వరకే. అంటే పూర్తిస్థాయి ప్రొఫెషనల్ లీగ్‌లో అడుగు పెట్టేసరికి 26 ఏళ్లు నిండాయి. యూరప్‌లో ఆ వయసు స్ట్రైకర్‌కి అప్పటికే ఎనిమిదేళ్ల కెరీర్ ఉంటుంది. మీ ప్రశ్నకి నా జవాబు ఇక్కడే ఉంది. ఆట తక్కువై కాదు, ఆ ఎనిమిదేళ్లు అతనికి దొరకలేదు.

నేను కాలేజీ రోజుల్లో విశాఖలో డిఫెండర్‌గా ఆడేవాణ్ణి. అందుకని స్టేడియంలో బంతిని కాకుండా అతన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎత్తు తక్కువ. చూడగానే భయపెట్టే శరీరం కాదు. కానీ డిఫెండర్ వీపు వెనక, అతని కంటికి ఆనని చోట నిలబడతాడు. ఒకసారి ముందుకు పరిగెత్తినట్టు చేసి ఆగుతాడు, డిఫెండర్ సర్దుకునేలోపు రెండోసారి నిజంగా పరిగెత్తుతాడు. బంతి రాకపోతే మళ్లీ మొదట్నుంచీ అదే. ఒక సగంలో అలా ఇరవైసార్లు పరిగెత్తితే బంతి వచ్చేది నాలుగైదుసార్లే. ఇంకొకటి, బంతి పోగొట్టుకున్నాక చేతులు ఊపుతూ నిలబడడు. వెంటపడతాడు. అలాంటివాడికి ఎదురు ఆడితే డిఫెండర్‌కి తొంభై నిమిషాలూ టెన్షనే. డెబ్బయ్యో నిమిషానికి ఒక్క క్షణం మనసు పక్కకి పోతుంది. అతను వేచి చూసేది ఆ క్షణం కోసమే.

2018-19లో 18 గోల్స్‌తో, లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే గోల్డెన్ బూట్ అతనిదే. లీగ్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే జానీ వారెన్ మెడల్ కూడా వచ్చింది. అక్కడి అభిమానులకి ఒక అలవాటుంది. 80వ నిమిషానికి జట్టు ఆధిక్యంలో ఉంటే గోల్ వెనక స్టాండ్‌లో అందరూ చొక్కాలు విప్పేస్తారు, వెల్లింగ్టన్ చలిగాలిలో కూడా. ఆ సీజన్‌లో మా పెద్దాయన రెండుసార్లు విప్పారు.

నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది మాత్రం 2016 ఆగస్టు. రియో ఒలింపిక్స్‌లో ఫిజీ మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 8-0తో ఓడింది. రెండోది మెక్సికోతో, అంతకుముందు ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టు. మాకు అది సోమవారం. పదో నిమిషంలో కెప్టెన్ రాయ్ కృష్ణ గోల్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఫిజీకి అదే మొదటి గోల్. సగం ఆట అయ్యేసరికి ఫిజీ ముందంజలో ఉంది! ఆ తర్వాత మెక్సికో ఐదు కొట్టింది, జర్మనీతో పది పడ్డాయి, అది వేరే కథ. నాలుగు రోజులకే ఫిజీ రగ్బీ సెవెన్స్ (ఏడుగురితో ఆడే రగ్బీ) జట్టు దేశానికి మొదటి ఒలింపిక్ పతకం, అదీ స్వర్ణం, తెచ్చింది. దాని గుర్తుగా ఏడు డాలర్ల నోటు వేశారు. ఆ సంబరంలో ఈ గోల్ ఎవరికీ గుర్తు లేదు. మా పెద్దాయనకి గుర్తుంది. ఇంటర్వెల్‌లో ఆయన ఏమీ మాట్లాడకుండా ఫోన్‌లో స్కోరు ఫొటో తీసి దాచుకోవడం నేను చూశాను.

2019లో అతను కోల్‌కతా ఏటీకేకి వచ్చాడు, నేను హైదరాబాద్ తిరిగొచ్చాను. వెల్లింగ్టన్‌లో అతని జోడీ డేవిడ్ విలియమ్స్ కూడా అదే జట్టుకి వచ్చాడు. 31 దాటిన స్ట్రైకర్‌కి మంచి కాంట్రాక్ట్, కొత్తగా వెతుక్కోనక్కర్లేని జోడీ, వరసగా పెద్ద మ్యాచ్‌లు, ఇవన్నీ ఒకేచోట దొరికాయి. అది రాజీ ఎలా అవుతుంది? ఆ సీజన్‌లో 15 గోల్స్ కొట్టాడు, జట్టు కప్పు గెలిచింది. మరుసటి ఏడాది 14 గోల్స్, లీగ్ ఉత్తమ ఆటగాడు. 2023 ఫైనల్లో బెంగళూరు తరఫున ఆడుతూ చేతికి బంతి తగిలి పెనాల్టీ ఇచ్చుకున్నాడు, మళ్లీ తనే గోల్ కొట్టి జట్టుని ముందు నిలిపాడు. చివరికి షూటౌట్‌లో ఓడిపోయారు. 2023-24లో ఒడిశా తరఫున 36 ఏళ్ల వయసులో 13 గోల్స్, ఆ సీజన్ టాప్ స్కోరర్‌తో సమానంగా. 2024 డిసెంబరులో మోకాలి లిగమెంట్ తెగేదాకా ఆ పరుగు తగ్గలేదు.

2019 డిసెంబరు 21న గచ్చిబౌలిలో హైదరాబాద్, ఏటీకే మ్యాచ్‌కి వెళ్లాను. మన జట్టుకి అది మొదటి సీజన్, చాలా కష్టంగా నడుస్తోంది. మొత్తం సీజన్‌లో గెలిచింది రెండు మ్యాచ్‌లే. ఆ రోజు మాత్రం 85వ నిమిషంలో 2-1కి వచ్చాం, స్టాండ్ అంతా లేచి నిలబడింది. నేను కూర్చునే ఉన్నాను, అతన్ని చూస్తూ. 90వ నిమిషంలో రాయ్ కృష్ణ గోల్ కొట్టి 2-2 చేశాడు. మన ఊరి జట్టు గెలుపు చేజారినందుకు బాధగా ఉంది, అయినా చప్పట్లు కొట్టకుండా ఉండలేకపోయాను. పక్కసీటు కుర్రాడు కోపంగా, ‘అన్నా, మీరు ఏ టీమ్?’ అన్నాడు. బయటికొచ్చాక లంబాసా పెద్దాయనకి స్కోరు పంపాను. రెండు నిమిషాల్లో జవాబుగా ఆయన పంపింది 2016లో తీసిన ఆ ఫొటో, ఫిజీ 1, మెక్సికో 0.