డీఅడిక్షన్ వార్డులో కొలువుకు వెళ్తున్న మా సిరికి

సిరీ,

సర్కారు దవాఖానలో డీఅడిక్షన్ సెంటర్‌కు నిన్ను కౌన్సెలర్‌గా తీసుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "తాగుబోతుల మధ్య పనంటే పిల్లకు సంబంధాలొస్తాయా అక్కా?" అని. గట్టిగా తిట్టి ఫోన్ పెట్టేశాను. తర్వాత నాకూ నిద్ర పట్టలేదనుకో. గర్వంగానే ఉంది బిడ్డా. కానీ అలాంటి వార్డులోనే నర్సుగా తల నెరిసినదాన్ని, భయం లేకుండా ఎట్లా ఉంటుంది?

వచ్చినవాళ్లను "మీరు" అను. రిజిస్టర్ ఏ రోజుదారోజు రాసెయ్. 14446 హెల్ప్‌లైన్ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించు. గంజాయి కేసు గురించి అడిగితే, వైద్యానికి తమంతట తాము ఒప్పుకున్నవాళ్ల కోసం మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ఉందని చెప్పి వకీలు దగ్గరికి పంపు. ఇవన్నీ ట్రైనింగులో చెబుతారులే.

నా భయం వేరే. 2015 సెప్టెంబరులో నువ్వింకా బడిపిల్లవి. మన నిజామాబాదు వైపు దుకాణాల్లో అమ్మే కల్లంతా చెట్టు దిగిన కల్లు కాదు. క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రాజోలం అనే నిద్రమత్తు మందులు కలిపి అమ్మేవాళ్లు. ఆ నెల కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు జరిగాయి. మంచిపనే, కాదనను. కానీ ఆ కల్లు ఒక్కసారిగా ఆగిపోతే తాగేవాళ్ల ఒళ్లు ఏమవుతుందో ముందుగా ఎవరూ ఆలోచించలేదు. ఏళ్ల తరబడి ఆ మత్తుకు అలవాటుపడ్డ మెదడు ఊరుకుంటుందా? మెడలు వంకర్లు పోయి, ఫిట్స్ వచ్చి, తమలో తాము మాట్లాడుకుంటూ జనం ఆటోల్లో దిగారు. మెదక్, మహబూబ్‌నగర్ వైపూ అదే గోస. కొందరి ప్రాణాలు కూడా పోయాయి.

ఆ రోజుల్లోనే ఒక ముసలమ్మను కొడుకు చీరతో చేతులు కట్టేసి తెచ్చాడు. దయ్యమని అంతకుముందే ఎవరి దగ్గరో వేపమండలతో కొట్టించారు. కట్లు విప్పానో లేదో, ఆమె వేళ్లు గాల్లో బీడీలు చుట్టడం మొదలుపెట్టాయి. ఆకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, దారం కట్టడం, పక్కన పెట్టడం, మళ్లీ ఇంకో ఆకు. ఒక్క పనీ తప్పలేదు. నన్ను చూసి, "జరుగు, ఇయ్యాల వెయ్యి ఇయ్యాలె, కార్ఖానా మూస్తరు" అని కసిరింది. పిచ్చి అని రాసి పడుకోబెట్టారు. ఆడమనిషి, అందులో ముసలిది, తాగుడు సంగతి ఎవరడుగుతారు? కొడుకు నోరు విప్పలేదు. తలుపు దగ్గర నిలబడ్డ కోడలే చివరికి గుసగుసగా చెప్పింది, "రోజూ రెండు సీసాలు తాగేది, నాలుగు రోజులాయె బందువెట్టి" అని. అప్పుడు డాక్టరు కల్లులో కలిపే ఆ మత్తు మందుల జాతిదే ఒకటి మొదలుపెట్టి, మోతాదు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చాడు. బతికింది. కోడలు ఆ మాట అనకపోయి ఉంటే?

అందుకే, ఎదురుగా కూర్చోగానే "ఇవాళ్టి నుంచే మానెయ్, పిల్లల మీద ఒట్టెయ్" అనకు. చివరిసారి ఎప్పుడు తాగారు, ఎంత, కల్లా మందా, దాంతోపాటు గోలీలేమన్నా వేసుకుంటారా, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా? ఇవి అడిగి డాక్టరు దగ్గరికి పంపు. ఆడవాళ్లను ఇంకెవరూ వినకుండా అడుగు. విస్కీ, బ్రాందీ ఒక్కసారిగా మానినా మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, నాలుగో రోజులోపు సన్నిపాతం పట్టి మతి తప్పవచ్చు. కార్తీకంలో మాల వేసుకుని ఒక్కసారిగా మానేసినవాళ్లు కొందరు స్వాముల వేషంలోనే వణుకుతూ వస్తారు చూడు. మీ ఊరి గురుస్వాములతో ముందే పరిచయం పెట్టుకో.

"అన్నంలో కలిపి పెడతా, ఆ గోలీ ఇయ్యండి" అని భార్యలు నీ కాళ్లు పట్టుకుంటారు. డైసల్ఫిరాం గురించే ఆ అడగడం. అతనికి తెలియకుండా పెట్టి, పైన మందు పడితే ప్రాణం మీదికొస్తుంది. ఒప్పుకోకు, ఆమెను కసరకు కూడా. ఎన్ని పస్తులుంటే ఆ మాట అడుగుతుంది!

వేరే సెంటర్ల నుంచి మణికట్టు మీద కమిలిన గీతలతో వస్తారు. గొలుసులతో కట్టెయ్యడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషేధం. చూసింది చూసినట్టు కేస్‌షీటులో రాయి. ఎవరు బెదిరించినా ఆ రాత కొట్టెయ్యకు.

నువ్వు మెతకదానివి. కోడిపిల్ల చస్తే అన్నం మానేసిన పిల్లవు. డిశ్చార్జి అయినవాడు నెల తిరక్కుండా తాగి వస్తే నీ తప్పే అనుకుంటావు. మళ్లీ పడిపోవడం ఈ జబ్బులో ఉన్నదే. కేంద్రం చేయించిన 2019 సర్వేలో, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందని తేలింది. ఆ ఒక్కడు రెండోసారి నీ గుమ్మమెక్కితే ముఖం చిట్లించకు, కుర్చీ వెయ్యి. కానీ సొంత నంబరు ఇవ్వకు, చేబదులు అసలే ఇవ్వకు. నీ సంగతి నాకు తెలుసు, జీతం మొత్తం పంచిపెట్టి వస్తావు.

మీ అమ్మను నాకొదిలెయ్. మీ సెంటర్లో రాత్రిపూట నర్సు ఉంటుందా, ఫిట్స్ ఇంజెక్షను వార్డులోనే ఉంటుందా, స్టోర్ రూములో పెట్టి తాళం వేస్తారా, ఈ మూడూ కనుక్కుని ఆదివారం ఫోన్ చెయ్. లేకపోతే సూపరింటెండెంటుకు అర్జీ ఎట్లా రాయాలో చెబుతాను.

నీ పెద్దమ్మ