కిచెనర్‌కు ‘సర్దార్’ హోదా పంజాబు నుంచి వచ్చిందా?

ఈజిప్టు సేనాధిపతిగా పనిచేసిన బ్రిటిష్ అధికారి కిచెనర్‌ను ‘సర్దార్’ అన్నారు కనుక ఆ హోదా సిక్కుల నుంచి వెళ్లిందా అని మీరు అడిగారు. అలా కాదండి. పారశీకంలో ‘సర్’ అంటే తల, ‘దార్’ అంటే కలిగినవాడు. ఆ బిరుదు మన దేశానికీ, ఒట్టోమన్ తురుష్కుల కొలువుకూ వేర్వేరు దారుల్లో చేరింది. అక్కడ స్వయంగా దండయాత్రకు నాయకత్వం వహించే ప్రధాన వజీరును ‘సెర్దార్-ఇ ఎక్రెమ్’ అనేవారు. ఈజిప్టు నామమాత్రంగానైనా ఆ సామ్రాజ్యంలో భాగమే కాబట్టి, 1882లో బ్రిటిషువారు దేశాన్ని ఆక్రమించి సైన్యాన్ని కొత్తగా కూర్చినప్పుడు, దాని తొలి బ్రిటిష్ అధిపతి ఎవెలిన్ వుడ్‌కూ, 1892లో ఆ పదవి చేపట్టిన కిచెనర్‌కూ ఒట్టోమన్ వాడుకలోని పేరే దక్కింది. పంజాబులో అది మిసళ్ల (సిక్కు యోధుల దళాల) నాయకుల బిరుదుగా నిలిచి, తరువాత సిక్కు పురుషులందరికీ గౌరవవాచకంగా వ్యాపించింది.