గొంతే వృత్తి అంటున్న అబ్బాయికి ఏ మైకు కొనాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మర్రిపాలెం. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. స్నేహితులతో ఆన్‌లైన్ ఆటలు ఆడతాడు, తీరిక దొరికితే కథలు చదివి రికార్డు చేస్తాడు. గొంతునే వృత్తిగా చేసుకుంటానని, అందుకు 12,000 రూపాయల కండెన్సర్ మైకు కావాలని పట్టుబడుతున్నాడు. కొనిపెట్టమంటారా?

జవాబు: మైకు కొనండి, కానీ అంత ఖరీదైనది అవసరం లేదు, కండెన్సర్ అసలే వద్దు. దీన్ని వృత్తికి పెట్టే పెట్టుబడిగా కాక, చదువుకునే పిల్లవాడి సరదాకు కొనే వస్తువుగానే చూడండి.

కండెన్సర్ మైకు సున్నితమైనది కాబట్టి గొంతులోని సన్నని ఛాయలను కూడా పట్టుకుంటుంది. అదే సున్నితత్వంతో ఫ్యాను హోరును, వంటింట్లో కుక్కర్ కూతను, మీ వైపు రైళ్ల చప్పుడును కూడా వదలకుండా పట్టుకుంటుంది. విశాఖ ఉక్కపోతలో ఫ్యాను కట్టేసి ఎంతసేపు కూర్చోగలడు? అందుకే గది చప్పుళ్లను అంతగా అందుకోని డైనమిక్ మైకు మీ ఇంటికి నప్పుతుంది. యూఎస్‌బీ తీగతో నేరుగా కంప్యూటర్‌కు తగిలించుకునేందుకూ, రేపు అవసరమైతే ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పిన్నుల తీగతో ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (మైకు ధ్వనిని కంప్యూటర్‌కు అందించే పెట్టెకు) కలుపుకునేందుకూ వీలున్న రకం చూడండి. ఫైఫైన్ ఏఎం8, మావోనో పీడీ200ఎక్స్ అలాంటివే. మొదటిదానికి రంగురంగుల దీపాలు కూడా ఉంటాయి. మీ అబ్బాయికి అవే ముందు నచ్చవచ్చు గానీ, వాటి వల్ల ధ్వని మెరుగుపడేదేమీ లేదు. సుమారు 5,000 రూపాయల బడ్జెట్ పెట్టుకుంటే చాలు. ఎక్స్‌ఎల్‌ఆర్ మాత్రమే ఉన్న మైకు చవకగా కనిపించినా, దానికి ఇంటర్‌ఫేస్ విడిగా కొనవలసి వస్తుంది.

ధర కంటే దూరం ముఖ్యం. మైకుకూ నోటికీ మధ్య దూరాన్ని సగానికి తగ్గిస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గదిలోని చప్పుడు మాత్రం దాదాపు ఉన్నంతే ఉంటుంది. కాబట్టి బల్లకు అవతల పెట్టి గెయిన్ (మైకు ధ్వనిని పెంచే అమరిక) పెంచడం కన్నా, నోటికి జానెడులోపు తెచ్చుకుని గెయిన్ తగ్గించుకోవడం మేలు. ‘ఫలితం’, ‘భయం’ వంటి మాటలు పలికేటప్పుడు గాలి విసురుగా తగిలి డబ్బుమని మోగుతుంది. మైకును పెదవులకు ఎదురుగా కాక కాస్త పక్కగా పెట్టుకుని, ముందు ఫోమ్ తొడుగో గాలి విసురును ఆపే పాప్ ఫిల్టరో అమర్చుకుంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. కార్డియాయిడ్ రకం మైకు వెనుక వైపు శబ్దాన్ని తక్కువగా తీసుకుంటుంది గనుక ఆ వెనుక భాగం కీబోర్డు వైపు ఉండేలా తిప్పుకుంటే, ఆట మధ్యలో మీటల టకటకలు అవతలివారిని అంతగా విసిగించవు. నిజానికి ఆటల కోసమే అయితే హెడ్‌సెట్ మైకు సరిపోతుంది, ఎందుకంటే ఆడుతూ మాట్లాడుకునేందుకు వాడే డిస్కార్డ్ వంటి యాప్‌లు గొంతును కుదించి పంపుతాయి. తేడా తెలిసేది కథల రికార్డింగులోనే. దానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చాలు.

కొనే ముందు అతని చేత ఒక పని చేయించండి. దినపత్రికలోని ఒక పేరాను ఫ్యాను తిరుగుతుండగా ఒకసారి, ఆపి ఒకసారి ఫోనులో చదివి రికార్డు చేయమనండి. రెండింటినీ హెడ్‌ఫోన్స్‌లో విని తేడా చెప్పగలిగితే, పొరపాటు పలికిన చోట తనంతట తానే మళ్లీ చదివితే, మైకు అతనికి ఉపయోగపడుతుంది.

ఇక వృత్తి సంగతి. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్ల ఎంపికలో గానీ, డబ్బింగ్‌లో గానీ చూసేది ఉచ్చారణను, చదివే తీరును. ఇంట్లో ఏ మైకు ఉందో ఎవరూ అడగరు. ధ్వని సాంకేతికత మీదే మనసుంటే పుణెలోని సినిమా, టీవీ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో సౌండ్ రికార్డింగ్, సౌండ్ డిజైన్ కోర్సు ఉంది. దానికి డిగ్రీతో పాటు ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్ చదివి ఉండాలి. మీ అబ్బాయి ఎంపీసీ అక్కడ పనికొస్తుంది కాబట్టి, పబ్లిక్ పరీక్షలు ముగిశాకే మైకు ఇంటికి తెస్తానని చెప్పండి.