ఆషేరు పాదం, నూనె: ద్వితీయోపదేశకాండము 33:24–25

బ్రదర్, మీ ప్రశ్న: "ఆషేరు పాదాలు తైలంలో ముంచుకుంటాడంటే ఆ నేలకింద పెట్రోలు ఉందనేగా?"

కాదండీ. ఇది ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఆషేరుకు మోషే ఇచ్చిన దీవెన. ఆ మాట పట్టుకుని ఇశ్రాయేలులో బావులు తవ్వినవాళ్లూ ఉన్నారు గానీ, వచనంలో ఉన్న హీబ్రూ పదం "షెమెన్". పంటల లెక్కలో, దీపాల్లో, అభిషేకంలో ఆ మాటకు అర్థం ఒలీవ నూనె. ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్లి 32:13 చూడండి. చెకుముకి రాతినుండి నూనె అన్నది అక్కడే ఉంది. రాతినేలలో ఒలీవ చెట్టు చక్కగా కాస్తుంది, సంగతి అంతే.

మరి పాదం ఎందుకు? మీకా 6:15లో ఒలీవ పండ్లు తొక్కడం కనిపిస్తుంది. పాదం మునిగేంత నూనె అంటే సమృద్ధికి కట్టిన బొమ్మ. యెహోషువ 19:24–31 ప్రకారం ఆషేరు వాటా పశ్చిమ గలిలయ, తూరు వైపు తీరం. ఒలీవలకు పేరున్న ప్రాంతం. ఆదికాండము 49:20లో యాకోబు దీవెన కూడా తిండి గురించే.

అసలు చిక్కు 25వ వచనంలో ఉంది. నీ "మిన్‌ఆల్" ఇనుము, ఇత్తడి అనీ, నీ దినాలెంతో నీ "దోబె" అంత అనీ అక్కడుంది. "మిన్‌ఆల్" అనే పదాన్ని కొందరు చెప్పులనీ, కొందరు గడియలనీ అనువదించారు. హీబ్రూలో చెప్పుకూ, గడియ వేయడానికీ ధాతువు ఒకటే కావడంతో వచ్చిన తేడా ఇది. నెహెమ్యా 3:3లో గుమ్మాల తాళాలకు వాడింది కూడా ఆ ధాతువు మాటే. ఉత్తర సరిహద్దు గోత్రానికి ఇనుప, ఇత్తడి గడియలే నప్పుతాయని నా అభిప్రాయం. చివరనున్న "దోబె" బైబిలంతటిలో ఒక్కసారే వస్తుంది, అందుకే దాని అర్థం ఖాయంగా చెప్పలేం. ప్రాచీన గ్రీకు అనువాదం దాన్ని "బలం" అంది. కాబట్టి ఆ ఒక్క పదం మీద సిద్ధాంతం కట్టకండి.