శూన్యం అన్న మాట కొట్టేశాను

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. కెనడా ఉత్తరపు కొసన, టుక్టోయాక్టుక్ రాడార్ కేంద్రంలో తెర ముందు కూర్చున్న ఆ కుర్రాడి భయాన్ని బాగా పట్టావు. ఆ భాగంలో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. పేచీ అంతా కిటికీ దగ్గరే. అతను బయటికి చూసినప్పుడల్లా ‘శూన్యం’. లెక్కపెట్టాను, పదకొండుసార్లు. అన్నీ కొట్టేశాను.

నువ్వక్కడికి వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. చూడని చోటు గురించి రాయొద్దనే రకం కాదు నేను. వయసులో ఉండగా రాజస్థాన్ ఎడారి మీద ఓ కథ రాశాను. అచ్చయ్యాక ఒక మాజీ సైనికుడు కార్డు ముక్క రాశాడు: “కథ బాగుంది. మీవాడు మూడు రోజులు ఎడారిలో తిరిగినా అన్నంలో ఇసుక పడలేదేమండీ?” ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది.

చూడని చోటుని వర్ణించబోతే మనకి దొరికేవి క్యాలెండర్ బొమ్మలే. అందుకే ముందు ఆ నేల తీరు తెలుసుకో. అక్కడ వానా మంచూ కలిపినా ఏడాదికి 200 మిల్లీమీటర్లు పడదు. మన అనంతపురంలో పడేదాంట్లో సగం కూడా కాదు. అయినా వేసవిలో ఎటు చూసినా చెరువులే! పైన కాస్త మట్టి కరుగుతుంది, దాని కింద ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే నేల. నీళ్ళు ఎక్కడికి ఇంకుతాయి? ఆ చెరువుల చుట్టూ దోమలు. నీ కథలో ఈ కిటికీ భాగం జూలై మొదటివారంలో నడుస్తుంది, దోమ ఒక్కటీ లేదు. పైగా నక్షత్రాలు! ఆ రోజుల్లో అక్కడ అర్ధరాత్రి కూడా సూర్యుడు దిగడు నాయనా. నీ కుర్రాడికి నిద్ర పట్టకపోవడానికి భయమొక్కటే కారణమా, కిటికీకి దుప్పటి కట్టుకున్నా ఆగని వెలుగు కూడానా? ఆలోచించు.

ఇక ఆ గుట్టలు. బల్లపరుపు నేల మీద బోర్లించిన గిన్నెల్లా పింగోలు లేస్తాయి. ఒక చెరువు ఇంకెటో దారి చేసుకుని ఖాళీ అయిపోతుంది. దాని అడుగున ఇన్నాళ్ళూ గడ్డకట్టని తడి మన్ను అప్పుడు అంచుల నుంచి బిగుస్తూ వస్తుంది. మధ్యలో చిక్కుకున్న నీరు పైకే తన్నాలి. అది మంచై, మీది మట్టిని ఎత్తుకుంటూ పోతుంది. అక్కడి ఇబ్యుక్ పింగో ఎత్తు 49 మీటర్లు. అది ఇంకా పెరుగుతూనే ఉందట. లోపల మంచు గర్భం పెట్టుకున్న కొండని పక్కన ఉంచుకుని శూన్యం అని ఎలా రాశావయ్యా!

నాకు అసలు కథ అక్కడే కనిపించింది. సోవియట్ బాంబర్లు ధ్రువం మీదుగా వస్తాయన్న భయంతో అలాస్కా నుంచి తూర్పుకి వరసగా రాడార్లు కట్టారు. ఆ డ్యూ లైన్ 1957లో పనిలోకి వచ్చింది. టుక్టోయాక్టుక్‌లోని కేంద్రానికి పెట్టిన గుర్తు బార్-3. అంతకు ఎన్నో తరాల ముందు నుంచే అక్కడి ఆదివాసులైన ఇనువియాలుయిట్ వేటగాళ్ళు ఆ పింగోలెక్కి నాలుగు దిక్కులూ చూసేవాళ్ళు, కారిబూ జింకల కోసం, తిమింగలాల కోసం. అంటే కాపలా కొత్తగా రాలేదు. వేటగాళ్ళు చూసింది తిండి కోసం, రాడార్లవాళ్ళు చూసింది శత్రువు కోసం. నీ కథలో రాడార్ తెల్ల గుమ్మటం ఒక్కటే చూస్తోంది. గుట్ట మీద నుంచి ఆ గుమ్మటాన్ని చూసేవాడేడీ?

ఊరి పేరుకి అర్థం ‘కారిబూలా కనిపించేది’. సముద్రపు నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే రాళ్ళు, నీటిలో దిగి రాయైపోయిన కారిబూలని అక్కడివాళ్ళ కథ. బయటివాళ్ళు పోర్ట్ బ్రబాంట్ అని పిలిచిన ఊరు 1950లో మళ్ళీ సొంత పేరు తెచ్చుకుంది. నీ కథలో మాత్రం దానికి ఏ పేరూ లేదు, ‘ఆ కుగ్రామం’ అని రెండుసార్లు వచ్చింది.

చలికాలం భాగం మాత్రం మార్చకు. నవంబరు చివర్లో పోయిన సూర్యుడు జనవరి మధ్యలో గాని రాడని నీకు తెలిసినట్టే ఉంది, ఆ పేజీల్లో వాక్యాలు కూడా పొట్టివయ్యాయి.

రెండో ప్రతి పంపేటప్పుడు కాగితానికి ఎడమవైపు బాగా జాగా వదులు. ఈసారి రాయడానికి చోటు లేక నీ వాక్యాల మీదే రాయాల్సొచ్చింది.