గారపళ్లు, మూడు వారాల సెలవు, డాలరు లెక్క

గారపళ్ల మీద వెనీర్లు, అంటే పంటి ముందు ముఖానికి అతికించే పలుచని చిప్పలు, హైదరాబాదు వెళ్లి వేయించుకోవాలని ఉందని రాశారు. మీ ఉత్తరంలో పన్నుకు ఎంతవుతుందన్న మాట మూడు చోట్ల ఉంది. హైదరాబాదులో ఎన్ని రోజులుంటారన్నది ఒక్కచోట కూడా లేదు. తప్పు పట్టడం లేదు, 2012లో నేనూ ఇదే లెక్కతో విమానం ఎక్కాను.

మాది నల్లగొండ జిల్లా. నీళ్లలోని ఫ్లోరైడు వల్ల మా ఊళ్లో నా ఈడు వాళ్లందరివీ మరకలు పడ్డ గారపళ్లే కాబట్టి, న్యూజెర్సీకి వచ్చేదాకా అదొక లోపమని నాకు తోచనే లేదు. ఇక్కడ ఉద్యోగంలో చేరాక మాత్రం ఫొటోల్లో నోరు మూసుకుని నవ్వడం అలవాటైంది. ఇక్కడి దంతవైద్యుడు పై వరుసలో ముందరి ఆరు పళ్లకు వెనీర్లు వేయడానికి, పన్నుకు 1200 చొప్పున 7200 డాలర్లు అడిగాడు. అందం కోసం చేయించుకునే పనికి పైసా ఇవ్వమని బీమావారు చెప్పేశారు. మీ బీమా పత్రంలోనూ బహుశా ఇదే ఉంటుంది, చూసుకోండి. చెల్లెలి పెళ్లికి ఎలాగూ వెళుతున్నాను కదా అని, ఆ మూడు వారాల్లోనే ఈ పనీ ముగించుకు రావాలనుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ వైపు నేను వెళ్లిన క్లినిక్‌లో వెనీర్లు చేసే పదార్థాల్లో ఫెల్డ్‌స్పాతిక్ పింగాణీ, లిథియం డైసిలికేట్, జిర్కోనియా అని మూడు రకాలు చూపించారు. నేను అడిగినవి రెండే ప్రశ్నలు: ఏది గట్టిది, ఏది చవక. పింగాణీ బలం 60 నుంచి 100 మెగాపాస్కల్ (బలాన్ని కొలిచే ప్రమాణం) వరకు, లిథియం డైసిలికేట్‌ది 400కు అటూ ఇటూ, జిర్కోనియాది 1000కి పైనే అని తెలిశాక ఇంజినీరుకు ఇంకేం కావాలి? పైగా అక్కడ వాళ్లు చెప్పిన ధరల్లో జిర్కోనియాదే తక్కువ. ఆరు పళ్లకు 72000 రూపాయలు, అప్పటి లెక్కన దాదాపు 1300 డాలర్లు. పెళ్లి ఫొటోలకు బాగుంటుందని అన్నిటికంటే తెల్లని రంగు కూడా నేనే ఎంచుకున్నాను. అప్పటి జిర్కోనియాలో వెలుతురు దూరేది కాదు కాబట్టి, ఫొటోల్లో నా కంటే ముందు నా పళ్లే కనిపిస్తాయి.

నెల తిరగకుండానే, సంక్రాంతికి అమ్మ పంపిన సకినం కొరుకుతుంటే ఒక వెనీరు ఊడి చేతిలో పడింది. పగలలేదు, బీటైనా వారలేదు, చెక్కుచెదరకుండా ఊడింది. మార్చిలో రెండోది ఊడింది. ఎందుకో అప్పుడు గాని నేను చదవలేదు. మీరు ముందే తెలుసుకోండి. వెనీరంటే అర మిల్లీమీటరు మందం ఉండే చిప్ప. వెనకనున్న ఎనామెల్‌కు, అంటే పంటి పై గట్టి పొరకు, అది గట్టిగా అతుక్కుంటేనే నిలుస్తుంది, అందుకే బలం అంకె కంటే అతుకు ముఖ్యం. పింగాణీలోనూ లిథియం డైసిలికేట్‌లోనూ గాజు పాలు ఉంటుంది కనుక, లోపలి ముఖాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గరుకు చేసి, గాజుకూ జిగురుకూ బంధం కలిపే సైలేన్ అనే ద్రవం పూసి, రెసిన్ సిమెంటు అనే జిగురుతో అతికిస్తారు. జిర్కోనియాలో గాజు లేదు, ఆ ఆమ్లం దాన్ని గరుకు చేయలేదు. దానికి అల్యూమినా పొడిని గాలితో కొట్టి, ఎండీపీ అనే, జిర్కోనియాకు పట్టే రసాయనం ఉన్న ప్రైమర్ పూయాలి. ఇంతా చేసినా గాజు రకాల అతుకు మీద ఉన్నంత నమ్మకం దాని మీద ఉండదు. దీనికి తోడు మన గారపళ్ల ఎనామెల్ ఆమ్లానికి త్వరగా లొంగదు, దాన్నీ మామూలు కంటే ఎక్కువసేపు గరుకు చేయాలి.

ఊడినవాటిని పట్టుకుని ఇక్కడి డాక్టరు దగ్గరికి వెళితే, ఏ పదార్థం, ఏ సిమెంటు అని అడిగాడు. నా దగ్గర రశీదు తప్ప మరో కాగితం లేదు. రెండుసార్లు అతికించాడు, సారికి 300 డాలర్లు, రెండుసార్లూ ఊడాయి. 2014లో పళ్ల కోసమే మళ్లీ హైదరాబాదు వెళ్లి, వేరే డాక్టరు గారి దగ్గర ఆరింటినీ తీయించి లిథియం డైసిలికేట్ పెట్టించుకున్నాను. జిర్కోనియాను అరగదీసి తీయడం ఎంత మొండి పనో ఆ కుర్చీలో కూర్చున్నవాడికే తెలుస్తుంది. కొత్త వెనీర్లకు 1500 డాలర్లు, టికెట్టుకు 1400, జీతం లేని సెలవుకు 2000. మొదటి 1300, అతికింపుల 600 కూడా కలిపితే 6800. రెండేళ్ల అవస్థకు నాకు మిగిలింది 400 డాలర్లు. అయినా ఎవరి దగ్గరా చేయి చాచకుండా నెట్టుకొచ్చాను, అది వేరే మాట.

ఇక మీ సంగతి. మరకలు పైపైనే ఉంటే అసలు వెనీర్ల జోలికి పోకండి. మైక్రోఅబ్రేషన్‌తో పై పొరను కాస్త రుద్ది తీసి, తర్వాత బ్లీచింగ్ చేయిస్తే చాలామందికి సరిపోతుంది, ఖర్చూ తక్కువే. వెనీరు కోసం ఒకసారి గీసిన ఎనామెల్ మాత్రం తిరిగి రాదు. ముప్పై ఏళ్లు కూడా నిండని మీరు వాటిని జీవితంలో రెండు మూడు సార్లు మార్చుకోవలసి రావచ్చు, ఆ ఖర్చును మీ తరం వాళ్లు లెక్కలో వేసుకోరు. మరక లోతుగా గోధుమరంగులో ఉంటే లిథియం డైసిలికేట్ అడగండి. అందులో కూడా వెలుతురు తక్కువ దూరే రకం కావాలని స్పష్టంగా చెప్పండి, లేకపోతే కింది మరక బయటికి కనిపిస్తుంది. చేత్తో పొరలు పొరలుగా వేసే పింగాణీ అందం దేనికీ రాదు, నిజమే. కాని అది మరక లేని పంటికి, మంచి పనివాడికి దగ్గరగా ఉండేవారికి తగినది. రూట్ కెనాల్ చేయించుకున్నాక నల్లబడిందని మీరు రాసిన ఆ ఒక్క పంటికి మాత్రం, డాక్టరు గారు జిర్కోనియా క్రౌన్ (తొడుగు) వేద్దామంటే కాదనకండి. క్రౌన్ పంటిని చుట్టూ పట్టుకుంటుంది, పైగా ఆ పదార్థం నలుపును బాగా కప్పుతుంది.

సెలవు కనీసం నాలుగు వారాలు పెట్టండి. మొదటి వారంలో స్కానింగు, పళ్లు చివరికి ఎలా ఉంటాయో చూపే మైనపు నమూనా చూసుకోవడం. తర్వాత పళ్లు గీసి తాత్కాలిక వెనీర్లు వేయడం. రెండు మూడు వారాల మధ్య అతికింపు. చివరి వారం ఖాళీగా ఉంచి అన్నీ కొరికి చూడండి. రంగు సరిచూసేటప్పుడు క్లినిక్ దీపాల కింద ఒప్పుకోకండి, అద్దం పట్టుకుని ఎండలోకి రండి. నేను రెండోసారి వరండాలో నిలబడి ఏ1 అనే రంగు వద్దని, దానికంటే కాస్త ముదురైన ఏ2కి మార్చుకున్నాను, డాక్టరు గారు విసుక్కున్నారు కూడా. నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉంటే రాత్రి పెట్టుకునే గార్డు కూడా అక్కడే చేయించుకోండి, ఇక్కడ దానికి వందల డాలర్లు అడుగుతారు. శంషాబాద్ బయలుదేరే ముందు పదార్థం పేరు, రంగు సంఖ్య, సిమెంటు పేరు ఒక కాగితం మీద రాయించుకుని, స్కాన్ ఫైలు, వెనీర్ల డిజైన్ ఫైలు కూడా తెచ్చుకోండి. ఒకటి పగిలినా అదే ఆకారంలో మళ్లీ చేయించుకోవడానికి అవి పనికొస్తాయి.

నావి 2014 నుంచి ఆరూ నిలిచే ఉన్నాయి. సకినాలను మాత్రం తుంచి వెనక పళ్లతో నములుతున్నాను.