చేయి కదులుతోంది కదా, ఇంకా ఎందుకు చూపించాలి?

(పిల్లల ఫిజియోథెరపిస్టు జవాబులు)

ప్రశ్న: మా పాపకు 9 ఏళ్లు. కడుపుతో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చింది, బిడ్డ బాగా బరువు పెరిగింది. కాన్పులో తల వచ్చాక భుజం ఇరుక్కుపోయింది. పుట్టగానే కుడి చేయి వేలాడుతూ ఉంటే ఎర్బ్స్ పాల్సీ (కాన్పులో మెడ దగ్గరి నరాలు దెబ్బతిని చేయి పడిపోవడం) అన్నారు. ఆరో నెలలో మోచేయి మడవడం మొదలుపెట్టింది, ఏడాదికల్లా బొమ్మలు పట్టుకుంది. ఇక ఫర్వాలేదనుకుని ఫిజియోథెరపీ మానేశాం. ఇప్పుడు జడ వేసుకోబోతే ఆ చేయి తల వెనక్కి పోవడం లేదు. తినేటప్పుడు మోచేయి పక్కవాళ్లకు తగిలేంత పైకి లేస్తోంది. చేయి కాస్త పొట్టిగా కూడా కనిపిస్తోంది. నరం మళ్లీ దెబ్బతిందా?

జవాబు: లేదమ్మా. నరానికి దెబ్బ తగిలింది పుట్టిన రోజున ఒక్కసారే. కానీ ఎముకలు, కీళ్లు అప్పటినుంచీ పెరుగుతూనే ఉన్నాయి. మీరిప్పుడు చూస్తున్నది ఆ పెరుగుదల ఫలితం.

మెడలోంచి ఐదు నరాల వేర్లు బయల్దేరి, కలిసి విడిపోతూ చేయంతా పాకుతాయి. ఈ అల్లికను బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. భుజం ఇరుక్కున్నప్పుడు తలకీ భుజానికీ మధ్య లాగుడు పడితే పై రెండు వేర్లు, అంటే సి5, సి6 ముందుగా దెబ్బతింటాయి. జర్మన్ డాక్టర్ విల్‌హెల్మ్ ఎర్బ్ 1874లో వివరించింది ఈ పై వేర్ల దెబ్బనే. నరం కేవలం సాగితే కొన్ని వారాల్లో దానంతటదే కోలుకుంటుంది. లోపలి పోగులు తెగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగాలి. వేరు వెన్నుపాము దగ్గరే ఊడిపోతే దానంతటది అతుక్కోదు.

అందుకే మేం మొదట అడిగేది మోచేయి ఏ నెలలో మడిచిందని. మొదటి రెండు నెలల్లోపే మడిచిన పిల్లల్లో ఎక్కువమంది పూర్తిగా బాగుపడతారు. మూడు నెలలు నిండినా మడవకపోతే నరాల సర్జన్‌కు చూపించాలి. మీ పాప ఆరో నెలలో మడిచిందంటే నరం తిరిగి పెరిగింది, కానీ పూర్తిగా కాదు. చేయి కదలగానే అంతా సంతోషపడి వెళ్లిపోతారు. ఆ పిల్లలే ఏడెనిమిదేళ్లకు మళ్లీ మా గదిలో కనిపిస్తారు. ఇందులో మీ తప్పేమీ లేదు, ఎదిగేదాకా ఏడాదికోసారైనా చూపించాలని మీకెవరో చెప్పి ఉండాల్సింది.

ఇంతకీ భుజంలో ఏం జరిగింది? చేతిని బయటికి తిప్పే కండరాలు సి5, సి6 మీద ఆధారపడతాయి. లోపలికి తిప్పే ఛాతీ కండరాలకు కింది వేర్ల నుంచి కూడా నరాలు అందుతాయి కాబట్టి అవి గట్టిగానే ఉండిపోయాయి. ఏళ్ల తరబడి ఒకవైపు లాగుడే ఎక్కువైతే చేయి లోపలికి తిరిగి బిగుసుకుంటుంది. భుజం ఎముక గుండు మెల్లగా వెనక్కి జరుగుతుంది. పెరిగే వయసులో గిన్నెలాంటి భుజం గూడు ఆ గుండుకు తగ్గట్టే రూపు దిద్దుకుంటుంది కాబట్టి అది చదునుగా మారి వెనక్కి వాలుతుంది. చేయి బయటికి తిరగదు కనుక చెయ్యి నోటిదాకా చేరాలంటే మోచేతిని పైకెత్తడమే పాపకున్న దారి. బాకా ఊదేవాళ్ల చేయిలా కనిపిస్తుంది కాబట్టి దీన్ని ట్రంపెట్ సైన్ అంటారు. అది చెడ్డ అలవాటు కాదు, దయచేసి భోజనం దగ్గర మందలించకండి.

ఇంకొకటి గమనించండి. చేయి పైకెత్తబోతే మోచేయి దానంతటది మడిచిపోతోందా? తిరిగి పెరిగే నరం పోగులు కొన్ని, పక్క మడికి పారిన కాలవ నీళ్లలా, వేరే కండరంలోకి పోతాయి. అప్పుడు మడిచే కండరం, చాచే కండరం ఒకేసారి బిగుసుకుంటాయి. బలం ఉన్నా పని జరగదు. అలాంటిచోట బరువులెత్తించి కసరత్తు చేయిస్తే లాభం లేదు. కొందరికి బొటాక్స్ ఇంజెక్షన్‌తో ఎదురు లాగే కండరాన్ని కొంతకాలం వదులు చేసి, ఆ వ్యవధిలో సాధన చేయిస్తారు.

పొట్టిదనం సంగతి చెబుతాను. నరం అందని, తక్కువ వాడిన చేయి కొంచెం సన్నగా, పొట్టిగా ఎదుగుతుంది. అది తిరిగి సమం కాదు గానీ పనికి పెద్దగా అడ్డురాదు. నా టెన్షన్ దాని గురించి కాదు, భుజం గూడు గురించి.

ఇంట్లో ఒక పరీక్ష చేయండి. పాపను వెల్లకిలా పడుకోబెట్టి, మోచేతిని తొంభై డిగ్రీలు మడిచి పక్కటెముకలకు ఆనించండి. భుజం లేవకుండా ఒక చేత్తో నొక్కిపట్టి, ముంజేతిని నెమ్మదిగా బయటికి తిప్పండి. ఎడమవైపుతో పోల్చి చూడండి. బలవంతం మాత్రం వద్దు. కుడివైపు ముంజేయి నిటారుగా నిలిచి అక్కడే ఆగిపోతుంటే, లేదా అంతవరకూ కూడా రాకపోతుంటే, ఈ సమస్య చూసే ఎముకల సర్జన్‌ను కలవండి. ఎమ్మారై తీస్తే గూడు ఆకారం తెలుస్తుంది. కీలు ఇంకా బాగుంటే వీపు కండరాల స్నాయువును (కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడులాంటి భాగాన్ని) భుజం వెనక్కి మార్చి కుట్టి, చేయి బయటికి తిరిగేలా చేయొచ్చు. చిన్న వయసులో దీనికి మంచి ఫలితం వస్తుంది. కీలు బాగా వంకరపోయి ఉంటే భుజం ఎముకను కోసి, తిప్పి అతికిస్తారు. దాంతో కీలు సరికాదు గానీ చెయ్యి నోటికీ తలకూ అందుతుంది. నరాలకే నేరుగా చేసే ఆపరేషన్ వయసు మాత్రం దాటిపోయింది. ఏడాది, ఏడాదిన్నర పాటు నరం అందని కండరం ఆ తర్వాత దాన్ని స్వీకరించదు.

స్కూల్లో ఎడమ చేత్తో రాస్తుంటే రాయనివ్వండి. ఈతకు పంపితే ఇంకా మంచిది, రెండు చేతులూ పనిచేస్తాయి. చొక్కా వేసుకోవడం పాపకే వదిలేయండి: ముందు కుడి చేయి తొడగాలి, విప్పేటప్పుడు చివర తీయాలి. కొంచెం లేటైనా పక్కన ఓపిగ్గా నిలబడండి.

ప్రశ్న: వయసు 26. ఎడమ చేతికి పుట్టుకతో ఎర్బ్స్ ఉంది, దాంతో నాకు పెద్ద ఇబ్బంది లేదు. ఏడాదిగా బాగున్న కుడి భుజం, మెడ నొప్పి పెడుతున్నాయి. జబ్బు ఇటు పాకుతోందా?

జవాబు: పాకే జబ్బు కాదిది. ఇన్నేళ్లూ రెండు చేతుల పని కుడి చేయే మోసింది, అదిప్పుడు మొరపెట్టుకుంటోంది. పెద్దయ్యాక మా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది చెప్పేది ఈ నొప్పే. బ్యాగు రెండు భుజాలకూ తగిలించుకునేది కొనండి. ఎక్కువ టైపింగ్ ఉంటే ఫోనుకు చెప్పి రాయించండి. కాగితం నొక్కిపట్టడం, సీసా ఆనించి పట్టుకోవడం లాంటి చిన్న పనులు ఎడమ చేతికి తిరిగి అప్పగించండి. భుజం రెక్క ఎముక చుట్టూ ఉన్న కండరాలకు రెండువైపులా వ్యాయామం నేర్చుకోండి. రాత్రి కుడి చేతివేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందంటే మాత్రం డాక్టరుకు చెప్పండి, మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందేమో చూడాలి.

ప్రశ్న: మొదటి బాబుకు ఇలా అయింది. ఇప్పుడు మళ్లీ మూడో నెల. రెండో బిడ్డకూ అవుతుందా? ఆపరేషనే చేయించుకోవాలా?

జవాబు: అవుతుందనేం లేదు. కానీ ఒకసారి భుజం ఇరుక్కుంటే, మళ్లీ ఇరుక్కునే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. సిజేరియన్ ఆ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసేయదు. ఏ పద్ధతి అన్నది బిడ్డ బరువు, మీ షుగర్ చూసి మీ డాక్టరు, మీరు కలిసి తేల్చుకోవాలి. మొదటి కాన్పు కాగితాలు, బాబు పుట్టిన బరువు, ఏ చేయి, ఎంతకాలానికి కోలుకుంది అన్న వివరాలు ఈ నెలలోనే చూపించండి. తొమ్మిదో నెలదాకా ఆగొద్దు.